చార్టు మీద మా ఎకరం

మా అమ్మాయి స్కూల్లో బొమ్మల పోటీ పెట్టారు. అంతరిక్షం, సుస్థిరత, ఈ రెండూ కలిసేలా బొమ్మ వెయ్యాలట. మొదటిది నాకు తెలుసు. రెండోది ఏంటే అని అడిగితే, "వాడుకున్నాక కూడా రేపటికి మిగలాలమ్మా, అదీ" అంది, తొమ్మిదో తరగతి చదువుతున్న మా పండితురాలు. "మరి ఈ ఇంట్లో జంతికల డబ్బాకి ఆ సుస్థిరత ఎప్పుడొస్తుందే?" అన్నాను. నవ్వేసి, వాళ్ళ నాన్న ఫోను పట్టుకుని వరండాలోకి పోయింది.

ఆ రోజుల్లో నేనూ మా ఆయనా సరిగ్గా మాట్లాడుకోవడం లేదు. మాది మొగల్తూరు వైపు పల్లె. ఉన్న పొలమంతా ఎప్పుడో రొయ్యల చెరువులైపోయింది, ఒక్క ఎకరం తప్ప. ఆ ఎకరంలో మా తిండిగింజలు పండించుకుంటున్నాం. దాన్నీ లీజుకిమ్మని పక్క చెరువుల రైతు అడిగారు. దాళ్వా, అదే రెండో పంట, కోతలవగానే చెరువు తవ్వుకుంటానన్నారు. మా ఆయన సరేనని మాటిచ్చేసి వచ్చారు. నాకు చెప్పింది ఆ తర్వాత!

"చుట్టూ ఉప్పునీళ్ళు. మధ్యలో వరేం పండుతుందే? పోయినేడు గింజ చూశావుగా" అంటారాయన. చూశాను, తాలే ఎక్కువ. చెరువుల్ని తిట్టే నోరు కూడా నాకు లేదు. మేం కట్టుకున్న మేడ, అమ్మాయి ఫీజులు, అన్నీ వాటి పుణ్యమే. అయినా ఆ ఒక్క చేనూ ఉండాలి నాకు. పొద్దున్నే గట్టు మీద నిలబడి పచ్చగా చూసుకుంటే కడుపు నిండినట్టుంటుంది. ఇదేం లెక్క అని ఆయన అడిగినప్పుడల్లా వంటింట్లో గిన్నెలు కాస్త గట్టిగా చప్పుడయ్యేవి.

అమ్మాయి ఫోనులో మా ఊరిని పైనుంచి చూసింది. ఉపగ్రహం తీసిన ఫోటో అది. వేళ్ళతో పెద్దది చేసీ చిన్నది చేసీ, చార్టు మీద పెన్సిలుతో గళ్ళు గళ్ళుగా గీసుకుంది. తర్వాత కూర్చుని నీలం రంగు వేస్తుంది, వేస్తుంది, వేస్తూనే ఉంది. సీసా అయిపోయిందంటే ఇంకోటి తెప్పించాం. "ఏంటమ్మా, గళ్ళ లుంగీ నేస్తున్నావా?" అని వాళ్ళ నాన్న ఏడిపించారు. మధ్యలో ఒకచోట చిటికెడంత పచ్చరంగు పెట్టింది. అది మా ఎకరమే. దానికి మా తగాదా తెలుసో లేదో ఇప్పటికీ అడగలేదు.

పోటీ రోజున మేమిద్దరం కూడా వెళ్ళాం. బొమ్మలన్నీ స్కూలు వరండాలో తాళ్ళకి క్లిప్పులు పెట్టి వేలాడదీశారు. ఎటు చూసినా రాకెట్లు, భూమిని పట్టుకున్న రెండు చేతులు. డ్రాయింగు మేష్టారు మా దాని బొమ్మ ముందు ఆగారు.

"రాకెట్టేదమ్మా?"

"రాకెట్లోంచే చూస్తున్నామండి. అందుకే కనబడదు."

మేష్టారు కళ్ళజోడు సర్దుకుని ముందుకెళ్ళిపోయారు. ప్రైజు గోవిందా అనుకున్నాను.

అసలు తమాషా తర్వాత మొదలైంది. పిల్లల్ని తీసుకొచ్చిన ఒకాయన బొమ్మని ఎగాదిగా చూసి, "ఇది మన కాలవ కదండీ? అయితే ఇదిగో, ఇది మా చెరువే!" అని వేలు పెట్టారు. అంతే, జనం మూగిపోయారు.

"ఏమండోయ్, మీ గట్టు మావైపు జరిగింది చూడండి."

"నేనెక్కడ జరిపానండీ? పాప జరిపింది."

"ఏమ్మా, ఎవరు కొలిచి చెప్పారు నీకు?"

"ఫోనులో అలాగే ఉందండి."

"చూశారా! నేను ఎప్పట్నుంచో చెబుతున్నానండి!"

నవ్వలేక చచ్చాను. సర్వేయరు గొలుసు పట్టుకొచ్చినా ఇంతమంది రారు. పాపం, పక్కనున్న రాకెట్లని పట్టించుకునే నాథుడు లేడు. ఆ గొడవలో ఒక పెద్దాయన వంగి చూసి, "అన్నీ నీలమే గానీ, మధ్యలో ఈ పచ్చటిది ఎవరిదండీ?" అన్నారు.

మా ఎకరం అడిగిన రైతు కూడా అక్కడే చేతులు కట్టుకుని నిలబడి ఉన్నారు. అమ్మాయి వాళ్ళ నాన్న కోసం చూసింది. ఆయన గుంపు వెనకనుంచి ముందుకొచ్చారు.

"ఆయ్, మాదేనండి."

"భలే మిగుల్చుకున్నారండి! మా పిల్లలకి వరిచేను చూపించాలంటే ఇక మీ దగ్గరికే రావాలి."

"రండి రండి, దానికేం భాగ్యం!" అన్నారు మా ఆయన. అబ్బో, ఏం దర్జా! తానొక్కడే పోరాడి నిలబెట్టినట్టు.

మొదటి బహుమతి ఒక రాకెట్టుకే వచ్చింది. మా దానికి మెచ్చుకోలుగా రంగుల పెట్టె ఇచ్చారు. దానికదే చాలు, ఎగురుకుంటూ వచ్చింది.

గేటు దగ్గర బండి తీస్తుంటే ఆ రైతు వచ్చారు. "మరి కోతలవగానే చెరువు తవ్వడానికి పొక్లెయిను దింపేస్తానండి" అన్నారు.

మా ఆయన తల గోక్కున్నారు. "అది కుదిరేలా లేదండి. ఏమీ అనుకోకండి."

"అదేంటండీ, మాటిచ్చారు కదా?"

"ఇచ్చానండి, తప్పే. కానీ ఇందాక అందరి ముందూ మాదేనన్నాను. రేపు వాళ్ళు పిల్లల్ని తీసుకొస్తే ఏం చూపించనండి?"

ఆ రైతు మొహం ముడుచుకున్నారు. "గింజ రాకపోతే నన్ననకండి మరి" అని వెళ్ళిపోయారు.

నాకు ఒళ్ళు మండింది. నెల రోజులుగా నేను నెత్తీ నోరూ బాదుకుంటే చెవికెక్కనిది, పరాయివాళ్ళు రెండు ముక్కలు మెచ్చుకోగానే ఎక్కిందా! ఆ మాట తర్వాత అడగొచ్చులే అనుకున్నాను. ఏడుపొచ్చేంత సంతోషంగా ఉంది. అమ్మాయిని మధ్యలో కూర్చోబెట్టుకుని బండి ఎక్కాను.

"ఇంటికి కాదండి," అన్నాను, "చేనువైపు పోనివ్వండి."