తల ఎత్తమని అడిగిన డాక్టరమ్మ

మా మేడం పోయారన్న కబురు పోయిన వారం నేను శ్రీకాకుళంలో ఓపీ చూస్తుండగా తెలిసింది. బొబ్బిలిలో ఆవిడ నడిపిన చిన్న ఆసుపత్రి నుంచి సిస్టర్ ఫోన్ చేసింది. "మేడం ఇంక లేరు డాక్టరుగారూ" అని ఫోన్ పెట్టేసింది. నా ఎదురుగా బల్ల మీద ఒక పెద్దాయన పడుకుని ఉన్నాడు. ఆయన్ని పూర్తిగా చూసి, మందు రాసి పంపాకే లేచాను. మధ్యలో వదిలేసి వస్తే ఆవిడ ఒప్పుకొనేవారు కాదు.

మేడం గుండె బలహీనపడి కొన్నేళ్లుగా బాధపడ్డారు. పలకరించిన వాళ్లందరూ "పెద్ద వయసే కదా" అన్నారు. ఓదార్పుకే అన్నారు గాని, ఆ మాట ఆవిడకి అస్సలు గిట్టేది కాదు. ముసలివాళ్ల నొప్పిని వయసు మీదికి తోసేస్తే మండిపడేవారు. "వయసు రోగం కాదే పిల్లా. వయసయిందంటే మనం ఇంకాస్త జాగర్తగా సూడాలని అర్థం" అనేవారు.

ఎంబీబీఎస్ అయిన కొత్తలో ఆవిడ దగ్గర పనికి చేరాను. ఆవిడ పాతపట్నం దగ్గర వరి పండించే ఇంట్లో పుట్టిన మనిషి. ఎండీ చదివినా ఊరి మాట వదల్లేదు. కేసు షీటు మీద ఇంగ్లీషులో రాసుకుంటూనే, తలెత్తి "ఏటమ్మా, కూడు సయిస్తందా?" అని అడిగేవారు. రోగి కూర్చోగానే మందుల సంచీ బల్ల మీద కుమ్మరించమనేవారు. అందులో రక్తం పలచబరిచే మాత్ర కనిపించిందా, అద్దాలు నుదుటి మీదికి ఎత్తి, ఆ మనిషిని వెలుగు వైపు తిప్పి, రక్తం తగ్గిందేమోనని కింది కనురెప్ప లాగి చూసేవారు. "నొప్పి ఎక్కడో రోగి సెప్తాడు, ఎందుకో సంచీ సెప్తాది" అన్నది మాకందరికీ కంఠస్థం.

ఒక వానాకాలం మధ్యాహ్నం గరివిడి వైపు పల్లె నుంచి ఒక ముసలమ్మని కొడుకు తీసుకొచ్చాడు. బొబ్బిలిలోని సర్జన్ గారు పంపారు. కడుపులో గడ్డ, ఆ రోజే ఆపరేషన్ చేద్దామనుకుంటున్నాం, గుండె తట్టుకుంటుందో లేదో చూసి చెప్పండి అని ఆయన అడిగారు. అల్ట్రాసౌండులో గడ్డ కనపడింది గాని, ఎక్కడి నుంచి పుట్టిందో తేలలేదు. ముసలమ్మకి గుండె లయ తప్పి కొట్టుకుంటుంది. అందుకని ఏళ్ల తరబడి రక్తం పలచబరిచే మాత్ర వాడుతోంది.

మమ్మల్ని అడిగింది గుండె సంగతి మాత్రమే. మేడం మాత్రం కడుపు మీద చెయ్యి వేశారు.

"ఏటయినాదమ్మా?"

"దగ్గతంటే కడుపులో ఏటో తెగినట్టయింది డాక్టరమ్మా. అప్పుట్నించి ఈ గడ్డ."

"పడ్డావా? దెబ్బేటైనా తగిలిందా?"

"నేదమ్మా. దగ్గేనంతే."

మేడం చెయ్యి తియ్యకుండా "ఇప్పుడు దిండు మీంచి తల ఎత్తమ్మా, కాళ్లు కదపకు" అన్నారు. ముసలమ్మ తల ఎత్తింది, నొప్పికి కేక పెట్టింది. మేడం నా చెయ్యి పట్టుకుని ఆ గడ్డ మీద ఆనించారు. "మళ్లీ ఒక్కసారి ఎత్తమ్మా. ఇదే ఆఖరు."

గడ్డ నా చేతికింద అలాగే ఉంది. ఇంకా గట్టిగా తగిలింది.

"లోపలి గడ్డయితే, కడుపు కండ బిగిసినప్పుడు దానెనక దాక్కోవాల. ఇది దాక్కోలేదు సూసేవా? ఇది కడుపులో లేదే, కడుపు గోడలో ఉన్నాది. దగ్గుకి కండలో నరం తెగి నెత్తురు కారతన్నాది."

"పైన కమిలిన మచ్చ కూడా లేదు కదా మేడం?" అన్నాను.

"మచ్చ రేపో ఎల్లుండో వస్తాది. అందాకా మనిషుండాల గదా!"

పొద్దున్న చేసిన రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ కాస్తే తగ్గింది. దాన్ని నమ్మకుండా మళ్లీ తీయించారు. ఈసారి బాగా పడిపోయింది. రక్తం గడ్డకట్టే పరీక్ష చేస్తే, ఉండాల్సిన దానికన్నా చాలా పలచబడిందని తేలింది. సంచీ వెతికితే దగ్గుకని వాళ్ల పల్లెలో ఇచ్చిన యాంటీబయాటిక్ దొరికింది. అది ఆ మాత్ర బలాన్ని పెంచేసింది.

కొడుకు బెదిరిపోయాడు. "ఆపరేషనుకి అన్నీ సిద్ధం చేసేరు కదమ్మా. ఇప్పుడు ఒద్దంటే ఎలాగ?"

"ఇప్పుడు కోస్తే నెత్తురు ఆగదురా. నీకు అమ్మ కావాలా, ఆపరేషన్ కావాలా?"

సర్జన్ గారికి ఫోన్ చేస్తే ఆయనే వచ్చారు. మేడం ఏమీ వాదించలేదు. "చెయ్యెట్టి సూడండి, తల ఎత్తించండి" అన్నారు. ఆయన చూసి, "ఫిట్‌నెస్ అడిగితే చేతిలో కత్తి లాక్కున్నారు మేడం" అని నవ్వారు. రక్తం, స్కాను దొరికే విజయనగరం పెద్దాసుపత్రికి అంబులెన్సు ఆయనే మాట్లాడారు.

మాత్ర ఆపి, విరుగుడుకి విటమిన్ కె ఎక్కించి బయల్దేరాం. మేడం అంబులెన్సులో ముసలమ్మ పక్కనే కూర్చుని, ఒక చేత్తో నాడి పట్టుకుని, రెండో చేత్తో రక్తం కోసం, ప్లాస్మా కోసం ఫోన్లు చేస్తూనే ఉన్నారు. దారిలో బీపీ పడిపోయింది. నేను మళ్లీ బీపీ పట్టీ బిగించబోయాను. "మళ్లీ సూద్దువు గాని, ముందు సెలైన్ వదులు, బేగి!" అన్నారు. అక్కడ సీటీ స్కానులో బొడ్డు పక్క కండ నిండా రక్తమే. కడుపు లోపల ఏ గడ్డా లేదు.

రక్తం, ప్లాస్మా ఎక్కించాక నాడి నెమ్మదించింది. "నన్ను కొయ్యరా మరి?" అంది ముసలమ్మ. "కొయ్యం. కదలకుండా తొంగో. దగ్గొస్తే దిండు కడుపుకి అదుముకో" అన్నారు మేడం. ఆ తర్వాత కడుపంతా నేరేడుపండు రంగుకి తిరిగితే కొడుకు మళ్లీ హడలిపోయాడు. మేడం తాపీగా "కంగారుపడకురా. లోపల కారిందే పైకి కనపడతన్నాది" అన్నారు.

రక్తం ఆగిందని నమ్మకం కుదిరాక అసలు పోరు మొదలైంది. ఆ మాత్ర పేరెత్తితే కొడుకు ఒప్పుకోడు. అతనిది న్యాయమైన భయమే. మేడం ఆ భయాన్ని తోసిపుచ్చలేదు. అతన్ని ఎదురుగా కూర్చోబెట్టుకున్నారు. "ఎప్పుటికీ మానేస్తే గుండెలో గడ్డకట్టి మెదడుకి ఎగదన్నుతాది, పచ్చవాతం వస్తాది. ఏస్తే నెత్తురు కారతాదని భయం. రెండు భయాల మధ్యన నడవాల నాయనా. నేను తోడుంటాను." గుండె డాక్టరుతో మాట్లాడి, కొన్నాళ్లు ఆగి, తక్కువ మోతాదుతో మొదలుపెట్టారు. పరీక్షకి రావడం ఆలస్యమైతే తానే ఫోన్ చేసి తిట్టేవారు. ముసలమ్మ మళ్లీ మామూలు మనిషై, తన పెసరచేను తానే ఏరుకుంది.

తర్వాత తర్వాత మేడంకే గుండె లయ తప్పింది. ఆ మాత్రే ఆవిడా మింగారు. కిందటి చలికాలం దగ్గుతో విజయనగరంలో చేరారని తెలిసి వెళ్లాను. కడుపులో ఒక పక్క నొప్పి అన్నారు. నేను మొహమాటంగా చెయ్యి వేస్తే కసిరారు. "ఒసే, నేను నీ మేడాన్ని కాను ఇప్పుడు. రోగిని. గట్టిగా సూడు." చూశాను. గడ్డ లేదు. రక్తపరీక్ష బాగానే ఉంది. "సాయంత్రం ఇంకోపాలి తీయించు. ఒక్కపాలి బాగుంటే సాలదు" అన్నారు. తీయించాను. అదీ బాగుంది. ఆవిడకి అది దగ్గు వల్ల వచ్చిన ఉత్త నొప్పే. ఆ రాత్రి నాకు తృప్తిగా నిద్ర పట్టింది.

మర్నాడు బయల్దేరే ముందు ఆవిడకి చెబుదామని వార్డుకి వెళ్తే మంచం ఖాళీగా ఉంది. వరండాలోకి తొంగిచూశాను. చక్రాల స్టాండుకి వేలాడుతున్న సెలైన్ సీసాని ఒక చేత్తో తోసుకుంటూ, చీరచెంగు నడుముకి దోపుకుని, గోడ పట్టుకుని మేడం అడుగులో అడుగేసి నడుస్తున్నారు. వెనక నుంచి నర్సు రమ్మని అరుస్తోంది. మేడం వెనక్కి తిరగకుండానే చెయ్యెత్తి "వస్తన్నాను" అన్నారు. ఆ చివర మంచం మీద ఎవరో పెద్దావిడ ఇటు తిరిగి మూలుగుతోంది. మేడం ఆ మంచం దగ్గర ఆగి, స్టాండు పక్కకి జరిపి, నెమ్మదిగా కూర్చున్నారు.

"ఎక్కడమ్మా నొప్పి?"