పెండ్లానికి చెప్పిండా?

సిద్దిపేటలో మేము కిరాయికున్న ఇంటి యజమానురాలు, మేమంతా పెద్దమ్మ అని పిలిచే మనిషి, మొన్న సోమవారం కన్నుమూసింది. పొద్దున్నే దవాఖాన నుంచి ఆమె కూతురు ఫోన్ చేసి, అమ్మ లేదని మాత్రం చెప్పి పెట్టేసింది. అప్పటికి నా టేబుల్ మీద నవల ఆఖరి అధ్యాయం సగంలో ఉంది. దాని కోసం ఎదురుచూసిన మనిషి పెద్దమ్మ ఒక్కతే.

నేను రాసేది థ్రిల్లర్. అచ్చు కాలేదు కాబట్టి మీరెవరూ చదివి ఉండరు. జిరాక్స్ సెంటర్ నడుపుకునే ఒక సంసారికి చిన్ననాటి దోస్తు బ్యాగు తెచ్చిచ్చి, రెండు రోజులు దాచమంటాడు. ఇతను అందులో ఏముందో అడగడు, భార్యకు చెప్పడు, సజ్జ మీద పెట్టేస్తాడు. మర్నాడు దోస్తు చెరువులో శవమై తేలుతాడు. ఇక ఇంటి చుట్టూ తెలియని మనుషులు తిరుగుతుంటారు.

పెద్దమ్మకు కళ్లు మసక. సాయంత్రాలు వరండాలో ఆమె చిక్కుడుకాయలు తుంచుతుంటే చదివి వినిపించేవాణ్ని. బ్యాగులో ఏముందో ఆమె ఏనాడూ అడగలేదు. అధ్యాయం అయిపోగానే, "పెండ్లానికి చెప్పిండా?" అనేది. ఇంకా లేదని నేనంటే కుదురుగా కూర్చోలేక గేటు దాకా పోయి వచ్చేది. ఒకసారి కూరగాయలామెతో, "గా బేవకూఫ్ ఇంక చెప్తలేడు" అని వాపోయింది. ఆ బేవకూఫ్ నేనే అనుకుని కూరగాయలామె నన్ను ఎగాదిగా చూసింది.

అనుకోవడంలో తప్పులేదు. నా ఉద్యోగం ఊడిన రోజు ఇంట్లోకి పోలేక గేటు దగ్గరే నిలబడిపోయాను. పెద్దమ్మ ఏమైందని అడగలేదు. ఎవరు ఏ కష్టంతో వచ్చినా అనే మాటే అంది: "ముందుగాల తిను." సర్వపిండి తినిపించి, నా భార్యను కేకేసి పిలిచి, ఇగ చెప్పు అంది. ఆ పూట మా సంసారం నిలబడింది ఆమె వల్లే.

నవలలో అతను చెప్పేస్తే ఉత్కంఠ ఏముంటుంది, కథ అయిపోతుంది కదా అని ఒకనాడు విసుక్కున్నాను.

"అయిపోతే అయిపోనియ్యి బిడ్డా. ఆమె, పిల్లగాండ్లు బతుకుతరు గద" అంది.

నిజానికి అతను చెప్పకుండానే చచ్చిపోవాలని మొదట్లోనే అనుకున్నాను. ఆ సంగతి ఆమెకు చెప్పలేక నాన్చుతూ వచ్చాను. దవాఖానలో మూతికి మాస్కుతో కూడా కళ్లతోనే అడిగింది. రాస్తున్నానన్నాను. అప్పటి నుంచి నాకు కుదురు లేదు.

మూడో రోజు మిద్దె మీద ఆమె పేరున పిట్టకు పెట్టారు. అన్నం, తునకల కూర, ఆమెకిష్టమైన సర్వపిండి. కాకి వచ్చి పిట్టగోడ మీద వాలింది కానీ విస్తరి ముట్టలేదు. అది ముట్టందే ఇంట్లో ఎవరూ తినరు. ఏదో కోరిక మిగిలిందన్నారు. పెద్ద కొడుకు తమ్ముడితో కొట్లాడనని మాటిచ్చాడు. కూతురు కొమురవెల్లి మల్లన్నకు పట్నం ముగ్గు వేయించి మొక్కు తీరుస్తానంది. ఎండ ముదురుతోంది. కాకి కదల్లేదు.

నాకు ఇలాంటివాటి మీద నమ్మకం లేదు. అయినా నిలబడలేకపోయాను. ముందుకు పోయి, "చెప్పిండు పెద్దమ్మా. పెండ్లానికి చెప్పిండు" అన్నాను.

చుట్టాలు ముఖాలు చూసుకున్నారు. కాకి విస్తరి పక్కకు దుమికి, మెడ వంచి, ఒంటి కన్నుతో నన్నే చూస్తూ ఆగింది. విని ఆ పెండ్లాం ఏమన్నదో కూడా చెప్పాలి కదా. అది నేనింకా రాయలేదు. అయినా మాట వెతుక్కోవలసిన అవసరం రాలేదు.

"ముందుగాల తిను అన్నది పెద్దమ్మా. తిన్నంక ఇద్దరం కలిసి ఠాణాకు పోదాం అన్నది."

కాకి సర్వపిండి ముక్కను ముక్కున కరుచుకుని, పక్కింటి నీళ్ల ట్యాంకు మీదికి ఎగిరి, మా వైపు తిరిగి కూర్చుని తినసాగింది.