మూసిన గదిలో గెలిచిన నల్ల డబ్బా

రెండువేల ఏడు, వేసవి పెళ్ళిళ్ళ కాలం. గురువారం, మధ్యాహ్నం మూడున్నర. గద్వాలలో ఒక నేతవాళ్ళ ఇంటి ముందు. గంట ఎలా గుర్తుందంటారేమో, వాళ్ళ ముందుగదిలో మగ్గం పైన గోడకు గడియారం ఉంది. నేను ఢోలు కొడుతూ సరిగ్గా దానికి ఎదురుగా నిలబడ్డాను. వారం ఎలా గుర్తుందంటే, మరుసటి రోజు శుక్రవారం, జుమ్మా నమాజు వేళకు వనపర్తి చేరుకోవాలని పొద్దుటి నుంచీ అనుకుంటూనే ఉన్నాను. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, ఆ రోజు జరిగినదాన్ని మా బ్యాండు మాస్టర్ ఇప్పటికీ ఇంకోలా చెప్పుకు తిరుగుతున్నాడు. నాకు అక్షరాలు వచ్చింది యాభై దగ్గరపడ్డాక. అవి రానప్పుడైతే నలుగురిలో అరిచి ఊరుకునేవాణ్ణి. ఇప్పుడు ఊరుకోను, రాసి పెడతాను.

మాది వనపర్తిలో బ్యాండు మేళం. నాది ఢోలు, నా తమ్ముడిది క్లారినెట్. పెళ్ళి ఊరేగింపులో ఎంతమంది వాయించినా పాట మాత్రం వాడి ఊపిరి నుంచే రావాలి. పిల్లను అత్తవారికి అప్పగించే వేళ వాడు ఊదితే, అప్పటిదాకా నగలు సర్దుకుంటున్న ఆడవాళ్ళు కూడా కొంగు నోటికి అడ్డం పెట్టుకునేవాళ్ళు. అలాంటివాడికి ఊపిరితిత్తులు చెడ్డాయి. ఇక ఊదితే బతకవని దవాఖానలో డాక్టర్ చెప్పాడు. వాడు ఏడవలేదు, ఎవరినీ తిట్టలేదు, కరెంటు గిటారు పట్టుకున్నాడు. నలభై దాటిన మనిషి, వేళ్ళు బొబ్బలెక్కుతున్నా వదలకుండా, పాత పాటలన్నీ ఒక్క తీగ మీదనే పైకీ కిందికీ జారుతూ నేర్చుకున్నాడు. ఎందుకలాగంటే, క్లారినెట్ కూడా ఒకసారికి ఒక్క స్వరమే పలుకుతుంది కదా అన్నాడు.

అయితే గిటారుకు ఒక రోగం ఉంది. తీగ మీటగానే టింగుమని పుట్టిన చప్పుడు అంతలోనే చస్తుంది. ఊదినట్టు సాగదు. దానికి మందు ఓవర్‌డ్రైవ్ పెడల్ అనే డబ్బా. గిటారుకూ స్పీకరుకూ మధ్య వైరు కలిపి దీన్ని నేల మీద పెట్టుకుని కాలితో నొక్కితే, చప్పుడు కొంచెం గరుకెక్కి, చావకుండా సాగుతుంది. దాని మీద మూడు బిళ్ళలు ఉంటాయి. ఒకటి తిప్పితే గరుకు పెరుగుతుంది, ఒకటి తిప్పితే గొంతు సన్నబడుతుంది లేదా మందమవుతుంది, మూడోది మొత్తం చప్పుడును పెంచుతుంది. మంత్రం ఏమీ లేదు, అంతే.

గద్వాల పెళ్ళి ఒప్పుకున్న రోజే మాస్టర్ తేల్చి చెప్పాడు. అప్పగింతల పాట పాత క్లారినెట్ లాగా లేస్తే తమ్ముడు మేళంలో ఉంటాడు. లేకపోతే నాగర్‌కర్నూల్ నుంచి కీబోర్డు వాయించేవాణ్ణి తెస్తాడు. తమ్ముడికి ఇంకో పని రాదు. వచ్చినా చేసే ఒళ్ళు కాదు.

తమ్ముడి దగ్గర పసుపు రంగు డబ్బా ఉంది. నాగర్‌కర్నూల్‌లో ఒక ఆర్కెస్ట్రా మూతపడితే, అందులో వాయించిన మనిషికి తన క్లారినెట్ ఇచ్చి దీన్ని తెచ్చుకున్నాడు. క్లారినెట్ ఇచ్చేశాడు! నేను రెండు రోజులు వాడితో మాట్లాడలేదు. ఈలోగా మాస్టర్ హైదరాబాద్ పోయి ఒక నల్ల డబ్బా తెచ్చాడు. బరువుగా, నిగనిగలాడుతూ ఉంది. పెళ్ళికి రెండింట్లో ఏది తీసుకుపోవాలో పోల్చి చూద్దామన్నాడు.

ఇక చూడండి ఎలా పోల్చారో. బ్యాండు షాపు షట్టరు దించారు. అందరి చేతుల్లో చాయ్ గ్లాసులు. స్పీకరు మెల్లగా పెట్టారు. తమ్ముడు అదే పాట ఒకసారి నల్లదానితో, ఒకసారి పసుపుదానితో వాయించాలి. పుల్లలతో కొట్టే తాషా లేదు, తాళాలు లేవు, నా ఢోలు మూలన బోర్లించి ఉంది.

"మాస్టరూ, ఢోలు లేకుండ గిటారు చూసుడేంది? పెండ్లిల నేను చేతులు కట్టుకుని ఊకుంటనా?" అన్నాను.

"చిచ్చా, నీ ఢోలు మోగితె ఇంగ ఇనేటిదేముంటది? జర చాయ్ తాగు" అన్నాడు మాస్టర్.

తమ్ముడు వాయించాడు. నిజం చెప్పాలి కదా, ఆ గదిలో నా చెవికీ నల్లదే బాగుంది. లావుగా, లోతుగా, గుండెలో కదిలినట్టు ఉంది. పసుపుది సన్నగా, ముక్కుతో పాడినట్టు ఉంది. తాళాలు కొట్టే మాస్టర్ అల్లుడు అందుకున్నాడు: "నల్లదాంట్ల పులి గుర్రుమన్నట్టుంది మామా. పసుపుదాంట్ల జలుబు చేసినోడు పాడినట్టుంది."

అందరూ నవ్వారు. తమ్ముడు కూడా నవ్వాడు.

"నువ్వెందుకు నవ్వుతున్నవ్‌రా?" అన్నాను.

"ఏం జెయ్యాలె అన్నా, జలుబు నాదే గద" అన్నాడు వాడు.

నేను వంగి చూశాను. నల్లదాని మూడో బిళ్ళ చివరిదాకా తిప్పి ఉంది. పసుపుదానిది సగంలోనే ఉంది. ఒకణ్ణి బల్ల మీద నిలబెట్టి, ఇంకొకణ్ణి గుంటలో నిలబెట్టి, ఎవడు పొడుగని అడిగినట్టు! రెండింటి చప్పుడూ సమానం చేసి మళ్ళీ వినమన్నాను. వీధిలోకి పోయి, ఢోలూ తాషా మోగిస్తూ, పెళ్ళికూతురి తల్లి నిలబడేంత దూరం నుంచి వినమన్నాను. పెళ్ళిలో వినేది ఆమె కదా, చాయ్ తాగుతూ కూర్చున్న మనం కాదు కదా!

"నీది ఢోలు. ఢోలు సంగతి చూస్కో చిచ్చా" అని మాస్టర్ షట్టరు పైకి లేపాడు. నల్ల డబ్బా గెలిచింది. పసుపుదాన్ని ఇంట్లోనే పెట్టమన్నాడు. నేను దాన్ని నా ఢోలు సంచిలో వేసుకున్నాను. ఎవరినీ అడగలేదు.

గద్వాలలో ఆ నేతవాళ్ళ ఇంటికి ఒక పద్ధతి ఉంది. అప్పగింతల పాట చెవిన పడేదాకా పిల్ల గడప దిగదు. పిల్ల గడప మీద నిలబడ్డప్పటి నుంచి కారెక్కేదాకా ఢోలు ఆగకూడదు. ఆగితే అపశకునం. ఈ సంగతి పెళ్ళికూతురి నాయనమ్మ మాకు ముందే చెప్పింది. లోపల మగ్గం మీద సగం నేసిన చీర అలాగే ఉంది. పిల్ల లోపలికి పోయి మగ్గానికి దండం పెట్టుకుని, వచ్చి గడప మీద నిలబడింది. నేను ఢోలు ఎత్తుకున్నాను. నా బావమరిది తాషా అందుకున్నాడు. తాళాలు మోగాయి. తోపుడుబండి మీద స్పీకరు, దాని వెనుక డుబుడుబుమంటూ జనరేటరు. తమ్ముడు నల్ల డబ్బా నొక్కి పాట ఎత్తాడు.

పాట రాలేదు.

అంటే వాయిస్తున్నాడు. వేళ్ళు తీగ మీద జారుతున్నాయి. కానీ ఆ లావు గొంతు మొత్తం నా ఢోలులో కలిసిపోయింది. పైనున్న కాస్త బుసబుస తాళాల్లో కలిసిపోయింది. పాట ఉండాల్సిన మధ్యలో ఏమీ లేదు. గదిలో అంత బాగున్నది వీధిలోకి వచ్చేసరికి ఈగలు ముసిరినట్టు అయింది.

నాయనమ్మ ముందుకు వచ్చింది. "ఏందయ్యా, పాట ఎత్తరా? పిల్ల కాళ్ళు గుంజుతున్నయి."

"ఎత్తిననమ్మా, వాయిస్తనే ఉన్న" అన్నాడు తమ్ముడు.

"వాయిస్తున్నవా? నీ ఏళ్ళు కదులుతున్నయి గని పాట యాడుంది?"

పెళ్ళికొడుకు వైపు నుంచి అతని బావ అరిచాడు: "ఇయ్యాల గిటారుకు ఉపాసమేమో!" కారు చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు.

మాస్టర్ ఉరికి వచ్చి స్పీకరు చప్పుడు పెంచాడు. అది కీచుమని కూత పెట్టింది. పెళ్ళికూతురు రెండు చేతులతో చెవులు మూసుకుంది. మళ్ళీ తగ్గించాడు. అప్పుడు, తాను తెచ్చిన డబ్బా వైపు ఒక్కసారైనా చూడకుండా, తమ్ముడి వైపు తిరిగి అందరూ వినేలా అన్నాడు:

"ఊపిరి పోయినోణ్ణి తెచ్చి పాటకు నిలవెడితె గిట్లనే అయితది. రేపటి సంది కీబోర్డోడే వస్తడు."

ఢోలు ఆపకూడదు. లేకపోతే నా చేతులు ఇంకేదో చేసేవి. ఆ కోపమంతా ఢోలు మీదనే చూపించాను. అందువల్ల పాట ఇంకా మునిగిందేమో, నాకు తెలియదు. కొడుతూనే అరిచాను: "తమ్మీ! నా సంచిల ఉంది. తియ్యి!"

వాడు మాస్టర్ వైపు చూశాడు.

"ఎవడు మారుస్తడో నేను గూడ చూస్త" అన్నాడు మాస్టర్.

తమ్ముడు బండి దగ్గరికి నడిచి, సంచిలోంచి పసుపు డబ్బా తీసి, మోకాళ్ళ మీద కూర్చున్నాడు. వంగితే వాడికి ఆయాసం వస్తుంది. ఆ ఆయాసంతోనే నల్లదాని వైర్లు పీకి పసుపుదానికి పెట్టాడు. స్పీకరు టప్పుమంది. బండికి చేయి ఆన్చి లేచి నిలబడి, కాలితో నొక్కాడు.

ఆ ముక్కు గొంతు, జలుబు గొంతు, అందరూ నవ్విన గొంతు, నా ఢోలుకు పైన, తాళాలకు కింద, సందు చూసుకుని లేచింది. దానికి లావు లేదు, లోతు లేదు. కానీ వీధి చివర ఉన్నవాళ్ళు కూడా తల తిప్పారు. తమ్ముడు ఒక స్వరం పట్టుకుని విడిచిపెట్టలేదు. ఊదినప్పుడు ఎక్కడ ఊపిరి పీల్చేవాడో అక్కడే ఆగాడు. మళ్ళీ ఎత్తాడు. అది క్లారినెట్టే. పెళ్ళికూతురి తల్లి గోడకు ఆనుకుని ఏడ్చింది. పిల్ల గడప దిగింది.

"గిప్పుడు ఇనవడ్డది. ఇంతసేపు యాడ దాసినవయ్యా?" అంది నాయనమ్మ తమ్ముడితో.

ఇక్కడితో అయిపోతే నేను ఈ కాగితం పట్టేవాణ్ణి కాదు. తిరిగి వస్తుంటే జీపులో ముందు సీట్లో కూర్చుని మాస్టర్ అంటాడు కదా: "నేను కావాల్ననే నల్లదానితోని షురూ చేసిన. జనం జర పరేషాన్ కావాలె, అప్పుడు మార్చాలె. గదే మాస్టర్ పని."

నేను జీపు ఆపించబోయాను. తమ్ముడు నా మోకాలు నొక్కాడు. "పోనియ్యి అన్నా. కీబోర్డోణ్ణి పిలుస్తలేడు గద."

వాడికి ఆ మాట చాలు. మేళంలో ఉన్నాడు, ఇప్పటికీ పసుపు డబ్బాతోనే వాయిస్తున్నాడు. నాకు చాలలేదు. ఊపిరి పోయినవాడన్న మాటకు మాఫీ అడిగిన నోరు లేదు. పైగా మాస్టర్ నల్ల డబ్బాను షాపులో గాజు బీరువాలో పెట్టి, గద్వాల పెళ్ళిని ఏడిపించింది ఇదేనని వచ్చినవాళ్ళకు చూపిస్తున్నాడు. మొన్న వీపనగండ్ల మేళంవాళ్ళు సలహా అడగడానికి వస్తే వాళ్ళకూ అదే చెప్పాడు. వాళ్ళు నమ్మి అలాంటిదే కొన్నారు. పాన్‌గల్ పెళ్ళిలో వాళ్ళ పాట మునిగిపోయిందట. వాయించిన మనిషిని తిట్టారట, డబ్బాను కాదు. అక్కడ నాకు ఒళ్ళు మండింది.

అందుకే రాశాను. నమ్మనివాళ్ళు అడగవచ్చు. ఆ రోజు అక్కడ ఉన్నది వీళ్ళు: గడప మీద పెళ్ళికూతురు, గోడ దగ్గర ఆమె తల్లి, పాట యాడుందని అడిగిన నాయనమ్మ, కారు దగ్గర పెళ్ళికొడుకు, ఉపాసమని నవ్విన అతని బావ, తాషా మీద నా బావమరిది, తాళాలతో మాస్టర్ అల్లుడు, బండి తోసిన జనరేటరు మనిషి, ఢోలుతో నేను, గిటారుతో నా తమ్ముడు. వాడు వైర్లు పీకుతుంటే రెండడుగుల దూరంలో నిలబడి చూసినవాడు, మా బ్యాండు మాస్టర్.