తనకి తానే వేసుకున్న కొర్రీ

మా నాన్న బతికుండగా ఆయన మీద నాకు ఎన్నిసార్లు కోపం వచ్చిందో లెక్కలేదు. పోయాక వచ్చినంత కోపం మాత్రం ఎప్పుడూ రాలేదు.

ఆయన నీటి సరఫరా ఆఫీసులో పెన్షన్ సెక్షన్ గుమాస్తా. రిటైరయ్యేవాళ్ళ కాగితాలు, పోయినవాళ్ళ ఇన్సూరెన్సు, వాళ్ళ భార్యలకి రావలసిన కుటుంబ పెన్షను, అన్నీ ఆయన బల్ల మీదుగానే ముందుకు వెళ్ళాలి. ముందుకు వెళ్ళినవాటి కన్నా వెనక్కి వచ్చినవే ఎక్కువ. తప్పు కనబడితే చిన్న పసుపు చీటీ మీద ఎర్ర ఇంకుతో రాసి, గుండుసూదితో గుచ్చి వాపసు పంపేవాడు. ఆఫీసు భాషలో దాన్ని కొర్రీ అంటారు. ఆయన్ని అందరూ కొర్రీగారనే పిలిచేవాళ్ళు. ఎదురుగా కాదు, ఆయన అటు తిరిగాక. ఫోటోలో కళ్ళజోడుంది, గుర్తింపు కార్డులో లేదు: కొర్రీ. సంతకం గీత దాటింది: కొర్రీ. చిన్నప్పుడు నేను బడికి రాసుకున్న సెలవు చీటీని కూడా, జ్వరం ఏ రోజు మొదలైందో రాయలేదని వెనక్కి ఇచ్చాడు. అది రాసేసరికి జ్వరం తగ్గిపోయింది.

లంచం ముట్టేవాడు కాదు. అసలు చిక్కంతా అక్కడే వచ్చింది. పుచ్చుకునేవాడికైతే ఏదో ఇచ్చి పని కానిచ్చుకోవచ్చు. ఈయనకి తప్పులేని కాగితమే ఇవ్వాలి. అది ఎవరి దగ్గరుంటుంది?

రిటైరైన నలభయ్యో రోజున, బయటికి వెళ్ళడానికి గడప దగ్గర కూర్చుని చెప్పులు వేసుకుంటున్నవాడు మళ్ళీ లేవలేదు.

అప్పటికి అమ్మకి కుడికన్ను ఆపరేషన్ అయింది. ఎడమకంటికి తేదీ ఇచ్చారు. ఆస్పత్రి ఖర్చు చూసే ఇన్సూరెన్స్ కార్డు నాన్న పేరు మీద ఉంది, ఆయనతోనే ఆగిపోయింది. కుటుంబ పెన్షన్ మంజూరైతే తప్ప అమ్మ పేరు మీద కొత్త కార్డు రాదు. రెండు నెలలు దాటితే ఆ కంటికి చూపు నిలవదని డాక్టరు చెప్పాడు. అమ్మ అప్పటికే గ్లాసులో పోయాల్సిన నీళ్ళు బల్ల మీద పోస్తోంది.

నాన్న కుర్చీలో ఇప్పుడు ఆయన పని నేర్పిన అమ్మాయే కూర్చుంటోంది. ఇంకేం, మన పిల్లే కదా అనుకుంటూ వెళ్ళాం.

"అక్కా, సార్ కుటుంబ వివరాల పత్రం ఫైల్లో లేదు" అంది.

"పాతది ఉంటుంది కదమ్మా?"

"రిటైరయ్యే ఏడాది పాతది రద్దు. కొత్తది సర్వీసు ముగిసేలోగా ఇచ్చి, రిజిస్టరులో నంబరు వేయించుకోవాలి. ఫైలు ప్రకారం సార్‌కి కుటుంబం లేదు."

పక్కనే ఉన్న అమ్మ ఊరుకుంటుందా? "లేకపోతే ఇన్నేళ్ళూ ఆ క్యారియర్ ఎవరు సర్దారే? నువ్వూ తిన్నావుగా అందులోంచి!"

ఆ పిల్ల తల దించుకుంది. "తిన్నానమ్మగారూ. కానీ తిన్నట్టు నేను రాసిస్తే చెల్లదు." ఫైలు మూస్తూ, "సార్ ఉన్నా ఇదే చెప్పేవారు" అంది.

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. ఆ మాట నిజం కాబట్టి ఇంకా ఎక్కింది.

మూడు రోజులు ఇల్లంతా తిరగేశాం. చివరికి ఆయన ఆఫీసు సంచి లోపలి అరలో దొరికింది. పత్రం నింపే ఉంది. అమ్మ పేరు, పుట్టిన తేదీ, మోచేతి మీద పుట్టుమచ్చ కూడా వదల్లేదు. దాని మీద పసుపు చీటీ. ఎర్ర ఇంకు.

"సాక్షి సంతకం కింద హోదా లేదు. సరిచేసి తిరిగి పంపవలెను."

కింద నాన్న సంతకం. పంపింది ఎవరికయ్యా అంటే, నాన్నకే. తన పత్రం తానే దాఖలు చేసి, అది తన బల్ల మీదకి రాగానే తానే తప్పు పట్టి, తనకే వాపసు పంపుకున్నాడు!

నేను చదివి వినిపిస్తే అమ్మ నెత్తి కొట్టుకుంది. "కట్టుకున్నదాని పేరు రాయడానికి కూడా ఈ మనిషికి చేతులు రాలేదే!"

"రాశాడమ్మా. రాసి వెనక్కి పంపాడు."

"రెండూ ఒకటే."

సాక్షి ఎవరో కాదు, మా వీధి చివర ఉండే పంపు డ్రైవరు మామయ్య. నాన్నకన్నా ముందే రిటైరయ్యాడు. ఆయన పెన్షన్ కాగితాల్ని నాన్న నాలుగుసార్లు తిప్పి పంపాడు. అమ్మ చెయ్యి పట్టుకుని వాళ్ళింటికి నడిపించాను.

పత్రం చూడగానే ఆయన నవ్వాడు. "ఇదింకా తిరుగుతోందా? మీ నాన్న రిటైరయ్యాక వచ్చాడమ్మా, సంతకం కింద ‘విశ్రాంత పంపు డ్రైవర్’ అని రాయమన్నాడు. నాకు ఒళ్ళు మండింది. నావి నాలుగుసార్లు తిప్పావు, ఇప్పుడు నీది కూడా నా మీదే తిప్పుతావా, నిలువెత్తు మనిషిని కనబడుతుంటే హోదా దేనికయ్యా, నేను రాయను పో అన్నాను."

"ఆయన ఇంకొకరి చేత సంతకం పెట్టించుకోవచ్చుగా అన్నయ్యగారూ?" అంది అమ్మ.

"సాక్షి మారితే పత్రం మారాలి, పత్రం మారితే నంబరు మారాలి. అప్పటికి గడువు దాటిందట. అందుకని నేనే రాయాలి. మళ్ళీ వస్తాడు, బతిమాలించుకుని రాద్దామనుకున్నాను చెల్లెమ్మా." ఆయన చాలాసేపు కళ్ళజోడు తుడిచాడు. "రాలేదు."

పెన్ను ఇచ్చాను. రాయబోయి ఆగాడు. "నీలం ఇంకేనా? చూసుకో. మళ్ళీ దానికో చీటీ వస్తే నా వల్ల కాదు."

ఆఫీసులో ఆ అమ్మాయి రిజిస్టరు తీసింది. నాన్న రిటైరవడానికి పదహారు రోజుల ముందు, ఆ పత్రం నంబరు, పక్కన ‘కొర్రీతో వాపసు’ అని ఆయన చేతిరాత.

"చెల్లుతుందక్కా" అంది. "కొర్రీ సరిచేసుకుని తిరిగొచ్చిన కాగితానికి మొదటి తేదీయే లెక్క. ఇదీ సారే నేర్పారు."

వేరెవరైనా అయితే తన పత్రాన్ని గుట్టుగా సొరుగులో పెట్టేసేవాళ్ళు. ఈయన రిజిస్టరుకెక్కించి మరీ తిప్పుకున్నాడు కాబట్టి దారి దొరికింది. అలాగని మెచ్చుకోవడానికి నాకు మనసొప్పలేదు. ఇప్పటికీ ఒప్పదు. హోదా తానే అడిగి రాయించుకుని ఉంటే సరిపోయేది కదా, ఇంకొక్కసారి వెళ్ళి!

అయిదు వారాలకి కార్డు వచ్చింది. డాక్టరు చెప్పిన గడువుకి ఆరు రోజుల ముందు అమ్మకి ఆపరేషన్ అయింది.

ఆ తర్వాత ఆ పసుపు చీటీ నాకిచ్చెయ్యమని అడగడానికి వెళ్ళాను. మా కోసం ఆయన చివరిగా రాసింది అదే.

"ఫైల్లోది తీయకూడదక్కా. నకలు ఇస్తాను, అర్జీ పెట్టుకోండి."

పళ్ళు నూరుకుంటూ పెట్టాను. పదో రోజున నా అర్జీ ఇంటికి తిరిగొచ్చింది. పసుపు చీటీ, ఎర్ర ఇంకు, గుండుసూది. అమ్మ దాన్ని నా చేతిలోంచి లాక్కుని, కుడికన్ను మూసుకుని, ఎడమకంటితో పైకి చదివింది.

"మృతుడితో అర్జీదారుకి గల సంబంధం తెలుపలేదు."

పెన్ను తీసి, నీలం ఇంకేనా కాదా అని చూసుకుని, అర్జీ కింద రాశాను: కూతురు.