మూడు తీగల కేబుల్

నౌపడ దగ్గర, ఉప్పు మడుల అంచున ఉన్న ఒక చేపలవాళ్ళ సొసైటీలో గుమాస్తాగా పనిచేశాను. గదిలో ఒక లైనక్స్ కంప్యూటర్, దాని సీరియల్ పోర్టుకు తగిలించిన ఒక మోడెమ్, మోడెమ్‌లో సిమ్ కార్డు. సముద్రం మీదికి వెళ్ళొద్దని హెచ్చరిక వస్తే, సాయంత్రమే పడవలవాళ్ళందరికీ మెసేజ్ పంపడం నా పని. నీళ్ళలో పాడవుతాయని మగవాళ్ళు ఫోన్లు ఇంట్లో ఆడవాళ్ళకే ఇచ్చేవారు. మెసేజ్ చదివించుకుని మగాణ్ణి ఆపాల్సిన పూచీ కూడా ఆడవాళ్ళదే.

ఆ ఉప్పుగాలికి ఏదీ నిలవదు. ఒకసారి కేబుల్ పిన్నులు చిలుం పట్టి మోడెమ్ మూగబోయింది. కొత్త కేబుల్ కోసం శ్రీకాకుళం వెళ్ళడానికి బద్ధకించి, రేడియోలు బాగుచేసే ఆయనతో మూడు తీగలతోనే ఒక కేబుల్ అతికించుకొచ్చాను. అసలు కేబుల్లో ఇంకో రెండు తీగలు ఉంటాయి. మోడెమ్ 'కాస్త ఆగు', 'ఇప్పుడు పంపు' అని కంప్యూటర్‌కు సైగ చేసేది వాటితోనే. ఆ సైగ రాక కంప్యూటర్ బిగుసుకుని కూర్చుంది. ఒక్క కమాండ్ కొట్టి సైగ కోసం చూడటమే మానిపించాను. టెస్ట్ మెసేజ్ నా ఫోన్లో టింగుమంది. నా అంత మొనగాడు లేడనుకున్నాను, వెధవని.

ఆ వానాకాలంలో హెచ్చరిక వచ్చింది, పంపాను. తెరమీద ప్రతి నంబరు పక్కనా పంపినట్టే పడింది. మర్నాడు ఒకే ఒక్క పడవ వేటకు వెళ్ళింది. పడవ ఒడ్డుకు కొట్టుకొచ్చింది, మనిషి రాలేదు. మూడో రోజు అతని భార్య, తల్లి ఆఫీసు గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు.

"బాబూ, మా ఫోనుకి మెసేజు ఎట్టినావా?" అని అడిగింది భార్య.

"ఎట్టేనప్పా. ఇదిగో సూడు, మీ నంబరే. నువ్వే సూసుకోలేదు."

తల్లి కోడలి వంక ఒకసారి చూసింది. ఒక్కతే నడుచుకుంటూ వెళ్ళిపోయింది.

కొన్ని నెలల తర్వాత మోడెమ్ మళ్ళీ మొరాయించింది. పోర్టు, స్పీడు, ఇంటరప్టు నంబరు అన్నీ ఒకటికి రెండుసార్లు చూశాను. అన్నీ సరిగ్గానే ఉన్నాయి. పరీక్షకని జాబితా చివర నా నంబరు చేర్చి మొత్తం పంపాను. తెర పంపానంది. నా ఫోన్ మాత్రం పలకలేదు. మళ్ళీ పంపాను, మళ్ళీ అంతే. అప్పటికి అర్థమైంది. మోడెమ్ ఒక్కోటీ నిదానంగా పంపుతుంటే, ఆగమనేవాడు లేక కంప్యూటర్ మిగతావన్నీ దాని నెత్తిన గుమ్మరించి, పంపేశానని రాసుకుంటోంది. చివరివన్నీ గాల్లో కలిసిపోతున్నాయి. ఆ పోయిన మనిషి ఇంటి నంబరు చివరినుంచి మూడోది. మెసేజ్ అందని మిగతావాళ్ళకు పక్కింటివాళ్ళు చెప్పుంటారు. అతని ఇల్లు మడులకు అవతల, ఒంటరిగా ఉంది.

ఆ పూటే శ్రీకాకుళం వెళ్ళి కేబుల్ తెచ్చాను. కానీ అతని భార్యకు చెప్పడానికి నోరు రాలేదు. రేపు చెబుదాం, ఎల్లుండి చెబుదాం. జాబితా తెరిచినప్పుడల్లా ఆ నంబరు కనబడేది, గుమ్మంలో ఇద్దరూ నిలబడ్డట్టే అనిపించి వెనక్కి తిరిగి చూసేవాణ్ణి. ఎవరూ ఉండేవారు కాదు. సంతలో ఆమె ఎదురైతే దొంగలా సందులోకి తప్పుకునేవాణ్ణి. నాలుగు నెలలు అలాగే బతికాను, సిగ్గులేకుండా.

చివరికి ఒక పొద్దున వెళ్ళాను. వాకిట్లో చేపలు ఎండబెడుతోంది. అంతా చెప్పాను.

"అయితే మెసేజు రాలేదా?" అంది.

"రాలేదప్పా. తప్పు నాదే."

"నీకెప్పుడు తెలిసినాది?"

"నాలుగు నెలలైంది."

ఆమె చేతిలోని చేపను పక్కకు తిప్పి ఆరేసింది. తిడితే బాగుండునని ఎంత కోరుకున్నానో.

"మా అత్త పోయి నెల్లాళ్ళైనాది బాబూ. కొడుకుని నానే సంపేసినానని, పోయేదాకా నా సేతి నీళ్ళు ముట్టలేదు. అంతకి ముందొచ్చి సెప్పుంటే, ఒక్క గుక్కైనా తాగుండేది."