కొంచెమంటే ఎంత?

ఆ మంగళవారం పొద్దున వార్డులో మందుల ట్రే సర్దుకుంటుండగా మా అమ్మ ఫోన్ చేసింది. "పాపా, సారు పోయినాడంట," అంది. "ఏ సారు?" అన్నాను. మా అమ్మకు సారంటే ఒక్కరే. నాకూ అంతే. అయినా అడిగాను. "మీ ఇంగ్లీషు సారేనే. తెల్లారి లేపితే పలకలేదంట..." అని ఏడవడం మొదలుపెట్టింది. అంతకు ముందు రోజు సాయంత్రం నాలుగింటికి నేను ఆయనతో మాట్లాడాను. ఇది రాస్తున్న ఈ క్షణంలో కూడా, ఎవరో ఫోన్ చేసి అది తప్పుడు కబురని చెబుతారేమో అనిపిస్తోంది.

నేను మార్కాపురంలో ఒక ఆసుపత్రిలో నర్సుని. మాది త్రిపురాంతకం అవతల ఒక పల్లె. అమ్మా నాయనా మిరప చేలల్లో కూలికి పోయేవాళ్ళు. మా హైస్కూలుకు సారు మార్కాపురం నుంచి బస్సులో వచ్చేవారు. చొక్కా జేబులో పెన్ను ఉండాల్సిన చోట బలపం ముక్క, చేతిలో సిమెంటు సంచి. సంచి నిండా పలకలు. ఆ ఊరి పలకల ఫ్యాక్టరీలో అంచు విరిగిందనో, చట్రం వదులైందనో పక్కన పడేసినవి అడిగి తెచ్చేవారు. "మార్కాపురంలో పుట్టి పలక కొనుక్కుంటే నవ్వుతారమ్మా," అనేవారు.

మేం ఎనిమిదిలో ఉండగా ఒక రోజు క్లాసుకు వస్తూనే, "ఇంగ్లీషోడు ఎంత పిసినారో చూడండి. కొంచెం అనేదానికే బోర్డు నిండా మాటలు పెట్టుకున్నాడు," అంటూ మొదలుపెట్టారు. లిటిల్, ఫ్యూ, సమ్, బిట్, స్లైట్. ఉప్పుకు పించ్, నూనెకు డ్రాప్, జ్వరానికి టచ్. "బిట్ అంటే పరీక్షలో బిట్ పేపరు కదా సార్," అని వెనక బెంచీ నుంచి ఎవరో అన్నారు. "అదీ బిట్టే. రోడ్డు పక్కన అమ్మే ప్లాటూ బిట్టే. వడ్రంగి డ్రిల్లుకు బిగించేదీ బిట్టే. పాపం ఒక్క మాట, ఎంతమందికని చాకిరీ చేస్తాది!" అన్నారు. లిటిల్‌కీ అ లిటిల్‌కీ తేడా మాకు వ్యాకరణంతో చెప్పలేదు. "ఇంట్లో లిటిల్ వాటర్ ఉందంటే బిందె ఎత్తుకోని ట్యాంకరు కాడికి ఉరకాల. అ లిటిల్ వాటర్ అంటే ఈ పూటకు గడుస్తాది. ముందర ఆ ఒక్క 'అ' ఉంటే మీ అమ్మకు ఒక తిరుగుడు తప్పినట్టు." ఎండాకాలంలో నీళ్ళకు తిరిగిన పిల్లలం, ఎందుకు మర్చిపోతాం?

తర్వాత సంచిలో పలకలు పంచారు. పై అంచు నిండుగా ఉన్నట్టు, కింది అంచు ఏమీ లేనట్టు. అ బిట్ అంటే ఎంతో ఒక్క గీత గీయమన్నారు. గీసినవన్నీ వరండా గోడకు వరసగా ఆనించారు. నా గీత కింది చట్రాన్ని తాకుతోంది. రైసు మిల్లు వాళ్ళ పిల్లవాడి గీత సగం పలక దాటింది. మేమంతా వాణ్ణి చూసి ఒకటే నవ్వు. సారు నవ్వలేదు. "మాట ఒకటే, గీతలు ముప్పై. ఎవరన్నా కొంచెం అంటే తలూపి పోవద్దు. వాళ్ళ గీత యాడుందో అడగండి," అన్నారు.

ఆ మాట విలువ ఆ ఏడాదే తెలిసింది. రెండు రోజులు నేను బడికి పోకపోతే సారు మా ఇల్లు వెతుక్కుంటూ వచ్చారు. అమ్మ చాప మీద ముడుచుకుని పడుకుని ఉంది. ఏమైందంటే, "రవ్వంత కడుపు నొప్పి సార్, పొద్దుగూకేలోగా పోతాదిలే," అంది. మా వైపు జబ్బు సంగతి ఎవరూ ఉన్నంత చెప్పరు. చెబితే కూలి పోతుంది, ఇంట్లో అందరికీ గాభరా. ప్రాణం మీదికి వచ్చినా లైట్‌గా ఉందనే అంటారు. సారు నా సంచిలోని పలక తీసి, "ఎంత నొప్పో గీత గీయి తల్లీ," అన్నారు. మా అమ్మ బలపం పట్టడం అదే మొదలు. సిగ్గుపడుతూనే గీసింది. గీత పై అంచుకు వేలెడు దూరంలో ఉంది. సారు వెంటనే ఆటో పిలిపించారు. ఒక్క పూట ఆలస్యమైతే పేగు పగిలిపోయేదని డాక్టరు అన్నాడు. "నోటికి మొహమాటం ఎక్కువమ్మా. చేతికి అది తెలీదు," అని సారు తర్వాత నాతో అన్నారు. నేను నర్సునయ్యింది ఆ మాట కోసమే.

ఉద్యోగం వచ్చాక స్వీట్లు తీసుకుని వాళ్ళ ఇంటికి వెళ్తే ఒక కొత్త పలక చేతిలో పెట్టారు. దుకాణంలో ఆయన కొన్న పలక బహుశా అదొక్కటే. అది నా బల్ల మీదే ఉంటుంది. ఎవరొచ్చి లైట్‌గా నొప్పి అన్నా ముందు గీత గీయిస్తాను. తోటి నర్సులు నన్ను పలకమ్మ అని ఏడిపిస్తారు.

సోమవారం సాయంత్రం నేను డ్యూటీ దిగబోతుండగా సారు ఫోన్ చేశారు. "ఏమ్మా, స్లైట్‌గా గ్యాస్ పట్టినట్టుంది. ఏం మాత్ర వేసుకోవాల?" గొంతు మామూలుగానే ఉంది. నేను మాత్ర పేరు చెప్పాను. తగ్గకపోతే రేపు రమ్మన్నాను. "పెద్దదేం కాదులేమ్మా. జస్ట్ అ బిట్," అన్నారు. సరే సార్ అన్నాను. నా బస్సుకు టైమైంది. పలక నా మోచేతి పక్కనే ఉంది.

ఎంత అని అడగలేదు. ఎప్పటి నుంచి అని అడగలేదు. మీకు ఎలా చెప్పాలో తెలియడం లేదు. పరాయివాళ్ళు ఎవరొచ్చినా అడిగే మాట, అది నేర్పిన మనిషినే అడగలేదు. ముప్పై ఏళ్ళు పిల్లలకు ఆ పాఠం చెప్పిన మనిషి, తన దగ్గరికి వచ్చేసరికి మా అమ్మ లాగే మాట్లాడారు. అది నాకు కోపం కూడా తెప్పిస్తోంది.

సారు ఇంటికి వెళ్ళేసరికి వాకిట్లో కుర్చీలు వేసి ఉన్నాయి. ఆయన భార్య నా చెయ్యి పట్టుకుని, "మూడు రోజుల నుంచి ఎడమ భుజం రుద్దుకుంటానే ఉన్నాడమ్మా. ఆసుపత్రికి పోదాం పా అంటే, పాపను అడిగినాలే, గ్యాసేనని చెప్పింది అన్నాడు," అంది. ఆవిడ మాటలో నింద లేదు. ఉంటే బాగుండేది. నేను ఆమె కాళ్ళ దగ్గర కూర్చుని ఏడ్చాను. ఎందుకు అంతగా ఏడుస్తున్నానో ఆమెకు తెలియదు. ఇది అచ్చయ్యాక చదివితే తెలుస్తుంది. తెలియాలనే రాస్తున్నాను.

వారం రోజులు పలకను సొరుగులో పెట్టేశాను. చూడలేకపోయాను. నిన్న కొనకనమిట్ల వైపు నుంచి ఒక అవ్వ వచ్చింది. మనవరాలు చెయ్యి పట్టుకుని తెచ్చింది. "ఏంది అవ్వా బాధ?" అన్నాను. "ఏం లేదు తల్లీ. రొమ్ములో లైట్‌గా బరువుగా ఉంది. ఇది ఊరికే లాక్కొచ్చినాది," అని నవ్వింది. నా చెయ్యి దానంతటదే సొరుగు లాగింది. పలక తుడిచి అవ్వ ఒళ్ళో పెట్టాను. "నాకు రాయను రాదు గదమ్మా," అంది. "రాయొద్దు అవ్వా. కింద ఏమీ లేనట్టు, పైన ఓర్చుకోలేనట్టు. ఎంతుందో ఒక్క గీత గీయి," అన్నాను.

అవ్వ మనవరాలి వైపు ఒకసారి చూసింది. ఆ పిల్ల చూడకుండా పలకను కాస్త పక్కకు తిప్పుకుంది. బలపం పైకి, ఇంకా పైకి పోయి, పలక రాయి దాటి, చెక్క చట్రం మీద ఆగి అక్కడ గీసింది. నేను డాక్టరు కోసం పరుగెత్తాను. ఆయన్ను వెంటబెట్టుకుని వచ్చేసరికి అవ్వ బలపం వదలకుండా అలాగే కూర్చుని, చట్రం మీది గీతను బొటనవేలితో చెరపబోతోంది.