పరీక్షకు పనికొచ్చే పేర్లు

మేడ్చల్‌లో జిరాక్సు షాపు నడిపే ఎల్లేష్ పుస్తకాలు చూసి సొంతంగా కంప్యూటరు పని నేర్చుకున్నాడు. 2002లో పింఛన్ల జాబితా కోసం ప్రోగ్రాం రాశాడు. తప్పుడు దరఖాస్తును అది పట్టుకుంటుందో లేదో చూడాలని, మాజీ సర్పంచి నిక్షేపంగా ఉండగానే ఆయన భార్యను వితంతువుల్లో చేర్చాడు.

ప్రింటు తీసిన ఆ జాబితా చూసి, పని అప్పగించిన ఆఫీసరు రాజారావు తల పట్టుకున్నాడు.

"రేపు ఆ మాజీ సర్పంచి ముందే చూపించాలయ్యా. ఇది చూస్తే ఈ ప్రోగ్రాం ఇక ఎవడూ తీసుకోడు. గొడవలేని పేర్లు పెట్టు."

"పేరు తీస్త సార్, పరీక్ష మాత్రం తియ్య," అన్నాడు ఎల్లేష్. అడిగేవాళ్లుండరని తన పేరూ, భార్య సుచిత్ర పేరూ ఎక్కించి, మళ్లీ కాగితం మీద ప్రింటు తీశాడు.

అంతలో అన్నం తెచ్చిన సుచిత్ర ఆ కాగితం చదివింది.

"ఏందయ్యా, నాకు వితంతు పింఛనా? నువ్వెప్పుడు పోయినవ్?"

"కింద సదువు. మొగడు బతికే ఉన్నడని దరఖాస్తు తిరగ్గొట్టింది. ప్రోగ్రాం మంచిగ జేస్తాంది."

సుచిత్ర అన్నం డబ్బాను మళ్లీ సంచిలో పెట్టుకుంది. "పోయినోనికి బువ్వెందుకు? నేనే తింట," అని వెళ్లిపోయింది.

"గొడవలేని పేర్లు పెట్టమన్నాను కదయ్యా," అన్నాడు రాజారావు.

ఎల్లేష్ ఆకలితోనే కీబోర్డును దగ్గరికి లాక్కున్నాడు.

"సార్, మీ ఇంట్ల మేడం పేరేంది?"